నిమిషం నిండా లెక్కపెట్టమన్న అక్క

ఇరవై ఆరేళ్ళ క్రితం, ఆఖరి పరీక్షలకు ఆరు వారాలుందనగా, ఒక నర్సింగ్ స్కూలు నుంచి మూడో సంవత్సరం విద్యార్థిని ఒకామెను పంపించేశారు. వార్డులో ఒక పెద్దాయన మంచం మీద నుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. డ్యూటీ రిజిస్టరులో ఆ పూటకి ఆమె పేరుంది. మనిషి మాత్రం మేట్రన్ గారి ఇంట్లో కిటికీ తెరలు ఉతుకుతోంది. ఉతకమని పంపింది మేట్రన్ గారే. తెరలు ఉతకడానికి రిజిస్టరు ఉండదు కాబట్టి ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. మేట్రన్ గారు తప్పు విద్యార్థినిదేనని రాసిన కాగితం ముందుకు జరిపి సంతకం పెట్టమన్నారు. ఆమె నోరు మెదపకుండా పెట్టింది.

నాలుగు నెలల తర్వాత ఆమె అదే ఆస్పత్రికి ఆయాగా వచ్చింది. ముందు గుమ్మంలోంచి పోయిన మనిషి వెనక గుమ్మంలోంచి తిరిగొచ్చింది. ఇంకెక్కడా పని దొరకలేదా అని ఎవరైనా అడిగితే, ఇక్కడైతే ఏ సామాను ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు కదా అని నవ్వేస్తుంది. ఆ నవ్వు వెనక ఏముందో అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆడవాళ్ళ మెడికల్ వార్డు చివర దుప్పట్ల గది ఉంది. మూడు గోడలకీ అరలు, ఒక స్టూలు, తలుపు పైన పెద్ద గడియారం. పాతికేళ్ళు ఆమె బడి అదే. డెట్టాల్ వాసన, ఇస్త్రీ వేడి కలిసిన ఆ గదిలోకి ఏడవడానికి వచ్చిన పిల్లలు పాఠం నేర్చుకుని బయటికి వెళ్ళారు. ఏడవొద్దని ఆమె ఎవరికీ చెప్పలేదు. ముందు కూర్చో, బూట్లు విప్పు అనేది. కాళ్ళు సాయంత్రానికి ఉబ్బుతాయి, బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో అనేది. పొద్దున ఏమీ తినకుండా వార్డుకొచ్చి కళ్ళు తిరిగి పడితే, రోగి నిన్ను చూసుకోవాలా నువ్వు రోగిని చూసుకోవాలా అని కసిరేది.

సీటు కోసం దరఖాస్తు పట్టుకుని వచ్చే వాళ్ళు కూడా ఆమెనే వెతుక్కుంటారు. ఎవరి అక్కో, ఎవరి పిన్నో పంపిస్తారు. ఇంటర్వ్యూలో సేవ చేయాలనుందని చెప్పొద్దంటుంది ఆమె. ఆ మాట అందరూ చెబుతారు, బల్లకి అవతల కూర్చున్నవాళ్ళకి ఆవలింత వస్తుంది. మీ నాయనమ్మ మంచం పట్టినప్పుడు నువ్వేం చేశావో చెప్పు, ఏం చేయలేకపోయావో కూడా చెప్పు అంటుంది. లెక్కలంటే భయమైతే ఇవాళే మొదలుపెట్టు, మందు పాళ్ళు తప్పితే దిద్దడానికి ఎర్ర ఇంకు ఉండదు అంటుంది. రక్తం చూస్తే వికారమొస్తుందని ఒకమ్మాయి బెంగపడితే, రక్తం అలవాటవుతుందే, మనుషుల మాటలే అలవాటు కావు, వాటికి చెవులు గట్టి చేసుకో అని వీపు తట్టింది.

నాడి చూడటం మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పేది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం వార్డుల్లో పాత అలవాటు. పని త్వరగా తెములుతుంది. ఆమె దానికి ఒప్పుకునేది కాదు. గడియారంలో సన్న ముల్లు చుట్టంతా తిరిగొచ్చేదాకా రోగి మణికట్టు వదలొద్దనేది. నాడి మధ్యలో ఆగి ఆగి కొట్టుకునే వాళ్ళుంటారు, ఆ ఆగడం పదిహేను సెకన్లలో దొరక్కపోవచ్చు. అందుకే పిల్లలు ఆమెకు నిమిషం అక్క అని పేరు పెట్టారు. కుట్టు మిషన్లు బాగుచేసే ఆమె భర్త ఆ పేరు విని, మా ఇంట్లో మాత్రం నిమిషం అంటే అరగంట, బజారుకి పోదామని చెప్పులేసుకున్నాక చూడండి అన్నాడట.

కిందటేడు ఆ వార్డులో ఆఖరి సంవత్సరం అమ్మాయి ఒకతె ఉండేది. దళసరి కళ్ళజోడు వల్ల అందరికీ కళ్ళజోడే. మొదటిసారి సీటు రాక, నిమిషం అక్క దగ్గర దుప్పట్లు మడతపెడుతూ లెక్కలు నేర్చుకుని, రెండోసారి సంపాదించుకుంది. కిటికీ వైపు వరస, పద్నాలుగు మంచాలు ఆమెవి. తొమ్మిదో మంచం మీద గుండె జబ్బు పెద్దావిడ. ఆవిడకిచ్చే మాత్ర నాడి వేగం తగ్గిస్తుంది. నాడి అరవై కంటే తక్కువుంటే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలి.

ఒక రోజు చార్టులో మధ్యాహ్నం రెండు గంటల నాడి గడిలో తొమ్మిదో మంచానికి డెబ్భై ఆరు అని ఉంది. మాత్ర ఇచ్చేశారు. నాలుగింటికి పెద్దావిడ పిలిస్తే పలకలేదు. నాడి నలభై నాలుగు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు, ఆవిడ బతికింది. చార్టులో రెండు గంటల గడి పక్కన కళ్ళజోడు పొట్టి సంతకం ఉంది.

జరిగింది నిమిషం అక్కకి తెలుసు. ఆ పూట నలభై రెండు మంచాలకీ ఒక్కతే సిస్టర్. రెండింటికి పైఅధికారులు వస్తున్నారని కబురొస్తే, ఒంటిగంటన్నరకే బల్ల దగ్గర కూర్చుని గడులన్నీ నింపేసింది. కళ్ళజోడుని పిలిచి, నీ వరసకి సంతకాలు ఇప్పుడే పెట్టెయ్యి, తర్వాత నాడి చూసుకుందువుగాని అంది. పిల్ల పెట్టింది. పెట్టీ పెట్టగానే ఇంకో రోగిని ఎక్స్‌రేకి తీసుకెళ్ళమన్నారు. అక్కడ గంటన్నర వరస. ఈలోపు గడిలో అంకె చూసి, చూసినట్టే అనుకుని, ఇంకెవరో మాత్ర ఇచ్చారు. చేయకముందే సంతకం పెట్టడం ఆ వార్డులో ఎవరికీ తప్పుగా తోచదు. పరీక్షకి కావాల్సిన ఆ పిల్ల కేసు పుస్తకం మీద ఏడాది చివర సంతకం చేయాల్సింది ఆ సిస్టరే. పిల్ల కాదని ఎలా అంటుంది?

శుక్రవారం విచారణ అన్నారు. తప్పు కళ్ళజోడుదని తేలితే పరీక్షకి కూర్చోనివ్వరు, స్కూలు నుంచి పంపేస్తారు. దుప్పట్ల గదిలో ఆ పిల్ల ఒకటే మాట అంది.

"సంతకం నాదే కదా అక్కా. ఇంకేం చెప్పను?"

నిమిషం అక్కకి రిటైర్మెంటుకి ఇంకా పదేళ్ళ పైనే ఉంది. ఆయాలని విచారణకి పిలవరు. పిలవని చోటికి వెళ్ళి మాట్లాడితే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. గురువారం సాయంత్రం భర్త మిషను ముందేసుకుని చక్రానికి నూనె పెడుతుంటే పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. ఆయన తలెత్తలేదు.

"అప్పుడు నువ్వు మాట్లాడుంటే ఏమయ్యేది?"

"పంపించేసేవాళ్ళు."

"మాట్లాడలేదుగా. పంపించలేదా?"

ఆమెకి కోపమొచ్చి లేచి వెళ్ళి గిన్నెలు తోమిందట. తోమడం అయ్యేసరికి నిర్ణయమైపోయింది.

శుక్రవారం ప్రిన్సిపల్ గదిలో ముగ్గురున్నారు. బల్లకి అవతల ప్రిన్సిపల్ మేడం, ఇవతల సిస్టర్, గోడవారగా నిలబడి కళ్ళజోడు. రికార్డుల నుంచి చార్టుల కట్ట తెచ్చివ్వమని ఆయాకే చెప్పారు. తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టాక వెళ్ళలేదు. మేడం అప్పటికే ఆ ఒక్కరోజు చార్టు చూసేశారు. ఒకరు లెక్కపెట్టి చెబుతుంటే ఇంకొకరు రాయడం వార్డులో మామూలే కాబట్టి, చేతిరాతని బట్టి ఏమీ తేలదన్నారు. సంతకం ఉంటే చాలన్నారు. ఇంకా ఏం కావాలని ఆయాని అడిగారు.

నిమిషం అక్క కట్ట విప్పింది. పదకొండు రోజుల కాగితాలు పరిచి, కళ్ళజోడు వరసలో అంకెల మీద వేలు పెట్టుకుంటూ చదివింది. డెబ్భై ఒకటి, అరవై మూడు, ఎనభై తొమ్మిది, అరవై ఆరు, డెబ్భై ఏడు. తర్వాత ఆ రోజు రెండు గంటల వరస చదివింది. డెబ్భై రెండు, డెబ్భై ఆరు, ఎనభై నాలుగు, ఎనభై, డెబ్భై ఆరు, ఎనభై ఎనిమిది. పద్నాలుగు మంచాలకి పద్నాలుగూ నాలుగో ఎక్కంలో అంకెలే.

"ఈ పిల్ల నిమిషం నిండా లెక్కపెడుతుంది మేడం. పద్నాలుగు మందికీ ఇలా కుదిరినట్టు రావు. ఇవి తను చూసిన నాడులు కావు."

"నీకెలా తెలుసు?"

"నేనే నేర్పాను."

"నేర్పమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడం. నేర్పే వాళ్ళు ఇంకెవరూ లేకపోయారు."

మేడం కాగితాలు దగ్గరికి లాక్కుని ఆ వరస మళ్ళీ చదివారు. ఆవిడా ఒకప్పుడు వార్డులో నర్సే. నాలుగో ఎక్కం ఆవిడకీ తెలుసు. ఇది రుజువు కాదు, అనుమానమే అన్నారు చివరికి. ఆ మాట మీద విచారణ ముగిసిపోయేదే. అప్పుడు సిస్టర్ మాట్లాడింది, బల్ల అంచు వైపే చూస్తూ.

"ఆ గడులు నేనే నింపాను. అంకెలు ఊహించి రాశాను. ముందే సంతకం పెట్టమన్నదీ నేనే. నలభై రెండు మంచాలు మేడం. ఇంకో మనిషినివ్వమని మూడుసార్లు రాసి ఇచ్చాను."

ఆమె ఆ మాట అనకుండా ఉండొచ్చు. అంది. ఆ సిస్టర్‌ని తిట్టుకుంటూ చదువుతున్నవాళ్ళు కాస్త ఆగి, ఒక మనిషి నలభై రెండు మణికట్లు నిమిషానికొకటి చొప్పున పట్టుకుంటే ఎంతసేపవుతుందో లెక్క వేయండి. మధ్యలో సెలైన్లు, మందులు, డాక్టర్ల కేకలు, ఏడ్చే చుట్టాలు. ఇలాంటి చోట తప్పు చేసేవాళ్ళని వెతకడం తేలిక. తప్పు తప్ప ఇంకోటి చేయడానికి వీల్లేని ఏర్పాటు ఎవరిదో అడగడమే ఎవరికీ ఇష్టం ఉండదు.

కళ్ళజోడు పరీక్ష రాసింది, ప్యాసైంది. ఇప్పుడు వేరే ఆస్పత్రిలో పిల్లల వార్డులో పనిచేస్తోంది. సిస్టర్‌కి మెమో ఇచ్చారు. వార్డుకి రెండో సిస్టర్‌ని ఇవ్వలేదు. పరిధి మించి ప్రవర్తించిందని నిమిషం అక్కని లాండ్రీకి మార్చారు. అక్కడ రోగులుండరు, విద్యార్థులుండరు. నేల మీద నీళ్ళు, ఆవిరి, పెద్ద మిషన్ల రొద. చేతులకి సోడా పడక వేళ్ళ సందుల్లో చర్మం పగులుతోంది. ఎలా ఉన్నావంటే, ఇక్కడ దుప్పట్లకి నాడి చూడక్కర్లేదు, హాయిగా ఉంది అంటుంది. హాయిగా లేదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

ఇప్పుడు చదువుతున్న మీతో మాట. ఆ స్కూల్లో చదివి బయటికొచ్చిన వాళ్ళకి ఇది ఎవరి సంగతో మొదటి పేజీలోనే తెలిసిపోయి ఉంటుంది. మీలో వందమంది పైగా ఆమె దగ్గర బూట్లు విప్పుకుని కూర్చున్న వాళ్ళే. ఈ వారమే కలిసి ఒక ఉత్తరం రాయండి. ఆమెని తిరిగి వార్డుకి పంపమని, విద్యార్థులకి నేర్పడాన్ని ఆమె పనిగా కాగితం మీద గుర్తించమని, ఇరవై ఆరేళ్ళ నాటి ఫైలు తెరవమని. కింద మీ పేరుతో పాటు మీరిప్పుడు పనిచేసే చోటు కూడా రాయండి.

నర్సింగ్‌లో చేరబోయే వాళ్ళు, ఫారం నింపే ముందు ఒకరోజు మీరు ఎంచుకున్న స్కూలు తాలూకు వార్డుకి వెళ్ళండి. ఎంతమంది రోగులకి ఒక సిస్టర్ ఉందో అక్కడి పిల్లల్నే అడగండి. డ్యూటీ పేరుతో ఇంకెవరి ఇంటి పనులైనా చేయిస్తున్నారా అని కూడా అడగండి. చేరాక, చేయని పనికి సంతకం పెట్టమంటే పెట్టకండి. ఒక్కరే కాదనడం కష్టం. అందుకని క్లాసంతా కలిసి మొదటి వారంలోనే ఆ మాట అనుకోండి.

ఇక మీ వాళ్ళెవరైనా ఆస్పత్రిలో ఉంటే, ఈ పూట ఈ వార్డుకి ఎంతమంది నర్సులు అని ఆఫీసులో అడగండి. నర్సు మీద అరవకండి, ఆఫీసులో అడగండి. జవాబు కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వకపోతే మర్నాడు పక్క మంచం వాళ్ళని కూడా వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి.