చిల్లు పడిన చిప్

నా దగ్గరున్న ఎర్రటి పాత పోకర్ చిప్ (జూదంలో డబ్బుకి బదులు వాడే బిళ్ళ) మీద రెండు ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి, కాసినో పేరు లేదు. చట్టానికి చాటుగా నడిచిన కాసినోలు పేర్లు వేయించేవి కావని మా ఊరు బెంటన్‌విల్ లైబ్రరీలో చదివాను. నా చిప్ పుట్టిల్లు ఏదో తేల్చుకోవాలని ఒక శనివారం హాట్ స్ప్రింగ్స్ అనే ఊరి దాకా డ్రైవ్ చేశాను. ఒకప్పుడు ఆ ఊరి నిండా అలాంటి దొంగచాటు కాసినోలే.

అక్కడ పాతసామాన్ల కొట్టు నడిపే డోరతీ గారికి ఎనభై దాటాయి. నా చిప్ చూడగానే తన తాళాలగుత్తి తీశారు. దానికి అచ్చం అలాంటి చిప్పే వేలాడుతోంది, అంచున చిల్లుతో.

నా చదువు ఊరుకోలేదు. "మేడమ్, కాసినో మూసేటప్పుడు చిప్ మళ్ళీ చెల్లకుండా ఇలా చిల్లు పెడతారు," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వారు. "కాదు హనీ, అది మా నాన్న పెట్టాడు. ఇక్కడ పళ్ళొచ్చే పిల్లల మెడలో చిల్లు పెట్టిన వెండి నాణెం కట్టేవాళ్ళు. మా ఇంట్లో వెండి లేదు, చిప్ ఉంది. నాన్న అదిగో, ఆ ఎదురు మేడ మీద కాసినోలో పేక పంచేవాడు."

నేను వెతుకుతున్న చిరునామా ఏ పుస్తకంలోనూ లేదు, ఆవిడ చూపుడువేలి చివర ఉంది!

"మా అమ్మమ్మ కూడా దిష్టి తగలకుండా నా మొలతాడుకి చిల్లుకానీ కట్టింది," అన్నాను.

"పనిచేసిందా?"

"ఇంతవరకూ బాగానే ఉన్నాను. మరి మీ చిప్?"

"పళ్ళు చక్కగా వచ్చాయి. అన్నీ చక్కగా ఊడిపోయాయి కూడా!"

చిల్లు లేని చిప్పుకే విలువ ఎక్కువని పుస్తకాలు చెబుతాయి. నాది అలాంటిదే. అయినా ఆ రోజు నుంచి దాన్ని చూసినప్పుడల్లా ఏదో లోటుగానే అనిపిస్తుంది.