బాపు ఎత్తిన చెయ్యి

పోయిన నెల మా అన్న కొడుకు, తాను కొత్తగా సూపర్‌వైజరుగా చేరిన కార్ఖానా చూపిస్తానని పట్టుబట్టి, సూరత్ నగరంలో ఆల్థాన్‌లోని ఇంటి నుంచి ఇచ్ఛాపూర్ దాకా నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఈ మోకాళ్ళతో బండి ఎక్కి దిగడమే ఇప్పుడు నాకొక కుస్తీ. లోపల మగ్గాలు బారులు తీరి నడుస్తున్నాయి, నేల అన్నం తినేటంత శుభ్రంగా ఉంది. వాటిని చూసుకుంటూ నడుస్తుంటే నాలుగో మగ్గం మీద పోగు తెగడం నా కంటబడింది, నాకు తెలియకుండానే నా కుడిచెయ్యి తల పైకి లేచింది. ఒక్కరూ తల తిప్పలేదు. మగ్గం తనంతట తానే ఆగి, నెత్తిన ఎర్రదీపం వెలిగించుకుంది. ఎవరిని పిలుస్తున్నావత్తా అని పిల్లవాడు నవ్వితే నేనూ నవ్వేశాను.

అదే ఊరి చివర ఉన్ అనే బస్తీలో మా చిన్ననాటి ఇల్లు ఒక్కటే గది, గోడ అవతలే సాంచల కార్ఖానా. మరమగ్గాలను మా వాళ్ళు సాంచలనే అంటారు. కరీంనగర్ వైపు నుంచి నేతపని వెతుక్కుంటూ సూరత్ చేరిన కుటుంబాలు మావి. మధ్యాహ్నం అక్కడ సాంచలు నడిపే మా నాన్నకు, మా బాపుకు, అన్నం గిన్నె తీసుకెళ్ళడం నా వంతు. ఆ మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు గనక అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు, వాటిలో అన్నిటికంటె పెద్ద మాట తల పైకి ఎత్తిన చెయ్యి. అది ఎవరిదైనా సరే, ఎందుకని అడగకుండా, చేతిలో ఉన్నది వదిలేసి సాంచ ఆపాలి. బాపు ఎత్తిన చెయ్యిని పక్కవాడు ఒకసారి ఆలస్యంగా చూసినందుకు ఆయన ఎడమచేతి చూపుడువేలు సగమే మిగిలింది. అందుకే ఆయన ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఉన్నట్టుండి చెయ్యెత్తేవాడు, ముద్ద పెదాల దాకా వచ్చినా మేం అక్కడే ఆపాలి. అన్న ఎప్పుడూ ఓడిపోయేవాడు, నేనెప్పుడూ గెలిచేదాన్ని. ఆ గెలుపే నా కొంప ముంచుతుందని అప్పుడెవరికి తెలుసు!

బాపు ఊళ్ళో ఉన్నప్పుడు జాతర కుస్తీలు పట్టినవాడు. మగపిల్లలతో కలబడి వాళ్ళను మట్టి కరిపించి వస్తున్న నన్ను కొట్టడానికి బదులు, కుస్తీ నేర్పే ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఉత్తరాది నుంచి మిల్లు పనికి వచ్చిన పెద్దాయన, తన కూతురికి జోడీ దొరికిందని సంబరపడి నన్ను చేర్చుకున్నాడు. బస్తీలో ముక్కుమీద వేలేసుకోని వాళ్ళు లేరు, అమ్మ కూడా మొదట్లో నాతో మాట మానేసింది, కానీ నా గిన్నెలో పెరుగు మాత్రం ఏనాడూ మానలేదు. రాష్ట్రం దాటాను, దేశంలో గెలిచాను, ఆఖరికి ఒకనాడు నా పేరు విదేశీ పోటీకి వెళ్ళే జట్టులో వచ్చింది.

మన దగ్గర ఆ రోజుల్లో ఆడపిల్లల కుస్తీ చూడటానికి పట్టుమని ఇరవై మంది వచ్చేవారు కాదు, అక్కడ మాత్రం హాలు నిండిపోయి ఉంది. మొదటి కుస్తీలోనే ఎదుటి పిల్ల ఒక భుజాన్ని చాపకు ఆనించాను, రెండోది బెత్తెడు దూరంలో ఉంది. జనం డప్పులు కొడుతూ కాళ్ళతో బల్లల మీద దరువేస్తుంటే ఆ మోత అచ్చం మా సాంచల మోతే అయింది. సరిగ్గా అప్పుడు రిఫరీ నాకే రెండు పాయింట్లు ఇస్తూ చెయ్యెత్తాడు. కంటి చివర చెయ్యి లేచింది, నా చేతులు పట్టు వదిలేశాయి. నేను వదల్లేదండీ, అవే వదిలేశాయి. ఆ పిల్ల తిరగబడి క్షణంలో నన్ను చిత్తు చేసింది.

చేతికొచ్చిన కుస్తీని భయపడి జారవిడిచిందని నా గురించి అందరూ అనుకున్నారు, వచ్చే ఎంపిక పోటీయే నాకు చివరి అవకాశమని చెప్పి పంపారు. ఇంటికొచ్చి వారం రోజులు ఉస్తాద్ దగ్గరికి వెళ్ళలేదు. చివరికి బాపు వచ్చి పక్కన కూర్చుంటే, ఎవరో చెయ్యెత్తారు బాపూ అన్నాను. ఆయన తన సగం వేలును చూసుకున్నాడు.

“తప్పు నీది గాదు బిడ్డా, గా అలవాటు నేనే వెట్టిన. నేనే మాన్పిస్త.”

మాన్పించడానికి ఆ మోత కావాలి. బాపు కార్ఖానా యజమాని సేఠ్‌ను బతిమాలి అక్కడే ఒక మూల కాస్త జాగా సంపాదించాడు. సూరత్‌లో చిందీలనే గుడ్డపేలికలను గోనెసంచుల్లో కుక్కి పరుపులు పరిచాం, వాటి మీద నేను, ఉస్తాద్ కూతురు కలబడుతుంటే షిఫ్టు దిగిన బాపు పక్కన నిలబడి చెయ్యెత్తేవాడు, నేను పట్టు వదలకూడదు. మొదటి రోజు ఆయన చెయ్యెత్తగానే నేను వదిలేయడమే కాదు, హాల్లో ఆరు సాంచలు టక్కున ఆగిపోయాయి. సేఠ్ లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చాడు. మరునాడు అమ్మ, అప్పటిదాకా కుస్తీ మాటెత్తని అమ్మ, మరకలు పడి అమ్మకానికి పనికిరాని చీరలు కుట్టి అడ్డంగా పరదా కట్టింది. ఆ పరదా చాటున బాపు ఎన్ని వందలసార్లు చెయ్యెత్తాడో లెక్కలేదు. జీవితమంతా ఆ సైగను దైవంగా నమ్మిన మనిషి, నా కోసం దాన్ని అబద్ధం చేస్తూ నిలబడ్డాడు. ఎత్తిన ప్రతిసారీ ఆయన మొహం వాడిపోవడం నేను చూశాను.

ఎంపికలో నెగ్గి మళ్ళీ విదేశం వెళ్ళాను. కంచు పతకం కోసం జరిగిన కుస్తీలో అదే మోత, అదే పట్టు, రిఫరీ చెయ్యి లేచింది. నా వేళ్ళు సడలలేదు, పట్టు ఇంకా బిగించాను. ఎదుటి పిల్ల రెండు భుజాలూ చాపకు ఆనాక, రిఫరీ ఈసారి నా చెయ్యినే పట్టుకుని పైకెత్తాడు. నేను అక్కడి నుంచి ఫోన్ చేస్తే కార్ఖానా పక్క బూత్‌కు బాపును పిలిపించారు, వెనక సాంచల మోతలో నా మాట ఆయనకు వినపడిందో లేదోనని మూడుసార్లు అరిచాను.

“చెయ్యి లేసింది బాపూ, నేను ఇడువలే.”

అవతల మోత ఒక్కసారిగా ఆగిపోయింది. బాపు రిసీవరు చెవికి ఆనించుకునే రెండో చెయ్యి పైకెత్తాడని, బూత్ అద్దంలోంచి అది చూసి కార్ఖానాలో వాళ్ళు సాంచలన్నీ ఆపేశారని, ఈసారి సేఠ్ కూడా ఏమీ అనలేదని తర్వాత అన్న చెప్పాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు దేశాలు తిరిగాను, ఇంకో రెండు పతకాలు తెచ్చాను, మోకాలు ఇక చాలన్నాక బడిలో పిల్లలకు ఆటలు నేర్పి బతికాను. ఏ లోటూ లేదు. ఉస్తాద్ రుణం, ఆయన కూతురి రుణం, తమ నేత ఆపుకుని నన్ను దీవించిన ఆ కార్మికుల రుణం ఈ జన్మకు తీరేవి కావు. బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఇచ్ఛాపూర్ మగ్గాలను ఆయన చూసి ఉంటే, ఇక ఏ పిల్ల తండ్రికీ వేలు తెగదని ఎంతో సంతోషించేవాడు, నాకూ సంతోషమే. కానీ అంత పెద్ద హాల్లో నా చెయ్యి లేస్తే, ఏమైందమ్మా అని పని ఆపి నా వైపు చూసే మనిషి ఒక్కడూ లేకపోయాడే అని, ఇంటికి వచ్చేదాకా బండి వెనక కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.