ఆయుధపూజ నాడు ఆపిన సర్వరు

హిందూపురంలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో పెద్ద సర్వరు ఒక్కటే. దాన్ని లోపల ఆరు వర్చువల్ మెషీన్లుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ వేరే కంప్యూటరులా వాడతాం. ఏ మెషీనుకు ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు అనే అమరిక సర్వీస్ ప్రాసెసర్ దగ్గర ఉంటుంది. అది సర్వరులోనే ఉండే చిన్న కంప్యూటరు. పెద్దది ఆగి మళ్లీ లేచేటప్పుడు, చిన్నది తన దగ్గర దాచుకున్న అమరికనే దానికి అందిస్తుంది. మనం చేసిన మార్పులను అందులో సేవ్ చేయకపోతే, కరెంటు తీసిన క్షణాన అవి పోయినట్టే. ఈ పని ఫ్యాక్టరీలో నాకొక్కడికే తెలుసు. అందుకు నాకు గర్వంగా కూడా ఉండేది.

నేను పెనుకొండలో రైలెక్కుతాను. మా ఎలక్ట్రీషియన్ ధర్మవరం నుంచి వచ్చేవాడు. మగ్గాల ఇంటివాడు, నేత వదిలి వైరింగు నేర్చుకున్నాడు. నాకు రోజూ చోటు పట్టి ఉంచేవాడు. ఆయుధపూజకు ముందురోజు రైల్లోనే అడిగాడు.

"ఏమప్పా, రేపు మిషన్లన్నీ ఆపి కడగల్ల, బొట్లు పెట్టల్ల. యూపీఎస్ బ్యాటరీలు కూడా రేపే మారుస్తాండా. నీ సర్వరు ఆపొచ్చునా?"

"ఆపుకో. సాయంత్రం వేస్తే దానంతట అదే లేస్తాది."

"నువ్వుండవా ఆడ?"

"పూజలకు నేను రానని తెలుసు కదా. మాకు ఉపవాస ప్రార్థన ఉండాది."

"సరేలే, నీ పెట్టెకు నిమ్మకాయ కట్టనులే. మీ దేవుడు అలిగితే మళ్లా నాకే కష్టం."

ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు వారాల ముందు, సరుకు లారీల పత్రాల కోసం ఆరో మెషీన్ను తయారు చేసింది నేనే. అది బాగా నడిచింది. ఆ సాయంత్రం మా చర్చి సంఘంలో వాక్యం చెప్పే వంతు నాది. రైలు తప్పుతుందని లేచి వచ్చేశాను. సేవ్ చేయలేదు. తర్వాత మరిచిపోయాను.

పూజ మరునాడు వెళ్లి చూస్తే సర్వరు లేచి ఉంది, ఐదు మెషీన్లతోనే. లారీలు మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే నిలిచిపోయాయి. సమాచారం డిస్కుల్లో భద్రంగానే ఉంది, మెషీన్నే మళ్లీ కట్టాల్సి వచ్చింది. సర్వీస్ ప్రాసెసర్ తెరవగానే సేవ్ చేసిన అమరికల జాబితా కనబడింది. చివరిది ఎండాకాలం నాటిది. ఎవరి తప్పో ఆ ఒక్క వరుస చాలు చెప్పడానికి.

మేనేజరు ఇద్దరినీ పిలిచాడు. "సర్వరు ఆపమని ఎవరు చెప్పారు?"

"ఈ అప్పనే సార్, రైల్లో," అన్నాడు ఎలక్ట్రీషియన్.

మేనేజరు నావైపు చూశాడు. "నేను ఆ రోజు లేను సార్," అన్నాను.

అందులో ప్రతి మాటా నిజమే. ఎలక్ట్రీషియన్ కాంట్రాక్టు మనిషి. ఆ వారమే అతన్ని పనిలోంచి పంపేశారు.

అంతటితో ఆగానా? ఆదివారం సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. విగ్రహారాధన కోసం యంత్రాలు ఆపితే అవి సరిగా లేవలేదనీ, ప్రభువు నా చేతితో వాటిని లేపాడనీ. అందరూ ఆమెన్ అన్నారు. అబద్ధ సాక్ష్యం పాపమని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేదీ నేనే.

నెల గడిచాక పాస్టరుగారికి నిజం చెప్పాను. "ప్రభువు క్షమిస్తాడు తమ్ముడూ. సంఘంలో మాత్రం మళ్లీ ఎత్తొద్దు, కొత్త విశ్వాసులు తొట్రుపడతారు. నీ మనశ్శాంతి కోసం ప్రార్థన చేద్దాం," అన్నారు. మోకరించాం. నా శాంతి కోసం చాలాసేపు ప్రార్థించాం. ఎలక్ట్రీషియన్ కూటి సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ధర్మవరం వెళ్లాను. అతడు ఇంటి అరుగు మీద ఎవరిదో మిక్సీ విప్పుకొని కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. చేతిలో పని ఆపకుండానే విన్నాడు.

"ఆఫీసులో చెప్పినావా?"

"ఇంకా లేదు. ముందు నిన్ను క్షమించమని అడుగుదామని..."

"నేను క్షమిస్తే నాకు పనిస్తారా ఆడ? చెప్పినాక రాపో."

అలా అంటూనే లోపలికి కేకేసి నాకు కాఫీ తెమ్మన్నాడు. తాగాను.

మరునాడు మేనేజరు ముందు జాబితా తెరిచి, తప్పు నాదేనని చెప్పాను. అతన్ని మళ్లీ తీసుకోమని అడిగాను. "ఆ పనికి వేరే మనిషి వచ్చేశాడు కదా. నువ్వు నిజాయితీపరుడివి, ఈ కాలంలో ఇలా ఒప్పుకునేవాళ్లు ఎవరున్నారు?" అని భుజం తట్టాడు.

ధర్మవరం మళ్లీ వెళ్లలేదు. చెప్పినాక రమ్మన్నాడు. వెళ్లి ఏమని చెప్పను, నన్ను మెచ్చుకున్నారనా?