ఐరేని కుండలు దిగిన తీరు

ట్రాక్టర్‌కు ముందు లోడర్ బిగించుకున్న రోజు నుంచి మా నాయినకు ఒకటే సరదా. బకెట్ నిండా మట్టి ఎత్తడం, లివర్ పూర్తిగా నెట్టి దడేల్‌మని కింద వదలడం. ఆ చప్పుడు వింటే చాలు, ఆయన ఇంటికి వచ్చాడని మెదక్‌లో మా గల్లీ అంతటికీ తెలిసిపోయేది. మెకానిక్ పాపం, ఒక చిన్న వాల్వ్ పెట్టి పోయాడు. దాని నాబ్ బిగిస్తే, బకెట్ దిగేటప్పుడు సిలిండర్ లోంచి వెనక్కి వచ్చే ఆయిల్‌కు దారి ఇరుకవుతుంది, దిగుడు నిదానమవుతుంది. నాయిన మాత్రం దాన్ని ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచాడు.

"లేపుడే కష్టం బిడ్డా, దించుడుకేమున్నది?" అనేవాడు. డిగ్రీ చదివే రోజుల నుంచి ఆ ట్రాక్టర్ నేనూ నడిపాను. ఆ దడేల్ విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

నా పెళ్లి ముందు రోజు ఆ నాబ్‌కు మంచి కాలం వచ్చింది. కుమ్మరి ఇంటి నుంచి రంగులేసిన ఐరేని కుండలు బ్యాండుతో తేవాలి. మా ఇంట్లో మొదటి కుండను నెత్తిన పెట్టుకుని గడప దాటించే హక్కు మేనత్తది. కౌడిపల్లి నుంచి వచ్చిన మా అత్త నేను పుట్టినప్పటి నుంచి ఆ రోజు కోసమే ఎదురుచూసింది. కానీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. కుర్చీలో కూర్చోవాలన్నా చేతులు మోకాళ్ల మీద ఆనించి, "అవ్వో, అవ్వో" అంటూ జానెడు జానెడు దిగేది. కింద పెట్టిన కుండను వంగి ఎత్తుకోవడం ఆమె వల్ల కాదు. పైగా పైపుల కోసం తవ్విన రోడ్డు, దాని మీద వాన. అందుకని కుండ చిన్నమ్మ ఎత్తుకుంటుందని అమ్మ తేల్చేసింది. అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది, చాయ్ కూడా ముట్టలేదు.

"కుండలు లోడర్ల తెస్తా, బురదల ఎవ్వలు మోస్తరు?" అన్నాడు నాయిన.

"నీ లోడర్లనా? గవి కుండలు గావు, పెంకులైతయి" అంది అమ్మ.

నేను లేచాను. పసుపు పెట్టిన పిల్ల గేటు దాటకూడదు గానీ, ట్రాక్టర్ గేటు లోపలే ఉంది కదా! బకెట్ నేల మీదే ఉంది, ఇంజన్ ఆపి ఉంది. పసుపు చేతులతో నాబ్‌ను కొంచెం కొంచెం బిగించాను. గోడ కట్టగా మిగిలిన ఇటుకలు బకెట్ నిండా పేర్పించి, పైన గిన్నెడు మజ్జిగ పెట్టించి, నాయినను బకెట్ పైకి లేపి దించమన్నాను. చుక్క కూడా తొణకలేదు. నాకు రెక్కలొచ్చినంత పనైంది. నాయిన మొహం మాత్రం చిన్నబోయింది.

సాయంత్రం బ్యాండు మోగుతూ వచ్చింది. లోడర్ బకెట్‌లో గడ్డి మీద కుండలు, వెనక బురద కాళ్లతో ఆడవాళ్లు. గేటు ముందు నాయిన ట్రాక్టర్ ఆపి, అందరినీ పక్కకు జరగమని లివర్ నెట్టాడు.

బకెట్ కదిలినట్టే లేదు. పరీక్షగా చూస్తే కదులుతోంది. బ్యాండు వాళ్లు ఒక పాట ముగించి ఇంకోటి ఎత్తుకున్నారు. మా చిన్నమ్మ ఆడి ఆడి ఆయాసపడి ఆగిపోయింది. బకెట్ ఇంకా గాలిలోనే ఉంది.

"జర జల్ది కానియ్యుండ్రి, మంచి గడియ పోతుంది!" అని పంతులు పరేషాన్ అవుతున్నాడు.

"ఆయిల్ అయిపోయిందా బిడ్డా?" అని నాయిన అరిచాడు.

అప్పుడు వెలిగింది నాకు. నేను సరిచూసింది ఇటుకల బరువుతో. ఆ బరువే ఆయిల్‌ను వెనక్కి తోసింది. పూల బుట్టంత బరువు కూడా లేని కుండలకు ఆ తొందర ఎక్కడిది! గేటు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాను, ఆపుకోవడం నా తరం కాలేదు. నాయిన చెయ్యి నాబ్ వైపు పోతుంటే మాత్రం గొంతు చించుకున్నాను. "నాబ్ ముట్టకు నాయినా!"

సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి అత్త వచ్చింది. చాయ్ తాగని మొహంతో గేటు దాకా వచ్చి, బకెట్‌ను కింది నుంచి మీది దాకా చూసింది. అది ఆమె ఛాతీ ఎత్తుకు దిగింది.

"గాడ్నే ఆపు తమ్మీ!"

నాయిన లివర్ వదిలాడు. బకెట్ చిన్న కుదుపు కూడా లేకుండా నిలబడిపోయింది. అత్త వంగలేదు. రెండు చేతులు చాచి కుండను అందుకుంది, నెత్తిన పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే బ్యాండు వాళ్లు దంచేశారు.

గడప దగ్గర ఆగి, తల కదలకుండా నాయినతో అంది: "ఇన్నొద్దులు గీ బకెట్ నీ లెక్క దిగేది తమ్మీ. గియ్యాల నా లెక్క దిగింది."

అని గడప దాటింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను, చెంపల మీది పసుపంతా కారిపోయింది. ఇప్పుడు నేను ఉండేది టేక్మాల్‌లో. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ముందు ఆ నాబ్ చూస్తాను. నేను పెట్టిన చోటే ఉంటుంది, పసుపు మరకతో సహా.