చంద్రలోకానికి దొర

నిజాం ఏలుబడి చివరి రోజుల్లో భువనగిరి జానయ్య ఆముదాల దలాలీ చేసేవాడు. మట్టి కలుపుతున్నాడని కొన్నవాళ్ళు తన్నబోతే కథల దలాలీలోకి దిగాడు. అందులోనూ సైన్సు కథలే. పురాణం పట్టుకుపోతే ప్రతివాడూ పండితుడై తప్పులు పడతాడు. చంద్రమండలం కథకైతే చూసొచ్చిన సాక్షి ఎవడున్నాడు? అక్కడుంది వాడి తెలివంతా!

రాసేవాళ్ళు పాపం బడిపంతుళ్ళు, గుమాస్తాలు. వాళ్ళ కాగితాలు సంచిలో వేసుకుని దొరలుండే గడి గడికీ తిరిగేవాడు. అచ్చు ఖర్చు దొరది, మొదటి పేజీలో ఫొటో దొరది. ముందుగా కథ గడిలో చదివి వినిపించాలి, అది రివాజు. దొర కనుబొమ్మ ముడిపడితే చాలు, కథ అక్కడికక్కడే మారిపోయేది. పొలం దున్నే ఇనుపమనిషి కథ విని ఒక దొర, "వానిదేం కులం?" అన్నాడు. "మీ కాళ్లకాడ పడుండే కులమే దొరా!" అన్నాడు జానయ్య. పుస్తకం అచ్చయింది. రాసిన పంతులు అది చదువుకుని మంచం పట్టాడు.

ఐలేశం మిషను బడిలో చదివి అక్కడే పాఠాలు చెప్పేవాడు. వాళ్ళమ్మ సోమమ్మ తమ ఊరి గడిలో వెట్టికి ఊడ్చేది. కూలి లేదు, జ్వరమొచ్చినా నాగా లేదు. కొడుకు రాసిన చంద్రలోకంలో దొర లేడు, వెట్టి లేదు, ఎవరి వాకిలి వాళ్ళే ఊడ్చుకుంటారు. అది అచ్చులో చూసి అమ్మకు చదివి వినిపించాలని వాడి ప్రాణం కొట్టుకునేది.

"ఒక్క మాట గూడ మార్చొద్దన్నా" అన్నాడు కాగితాలిస్తూ.

"నా మీద ఒట్టురా!" అన్నాడు జానయ్య. ఆముదాలప్పుడూ ఇదే ఒట్టు లెండి.

మిగతా గడుల్లో పరపతి అయిపోయి, జానయ్య ఐలేశం ఊరి గడికే పోయాడు. ఐలేశం వాకిట్లో నిలబడ్డాడు. సోమమ్మ ఊడుస్తూనే ఒక చెవి ఇటు వేసింది. కొడుకు కథ మరి! జానయ్య సగం చదివాడో లేదో, దొర చెయ్యెత్తాడు.

"మరి ఆడ దొరెవడురా?"

"ఇంకెవలు, తమరే! ఆఖర్ల వస్తది దొరా."

"వెట్టికి మనుషులో?"

"ఈడికెళ్లే తోల్కపోతరు దొరా!"

దొర మీసం దువ్వి, అచ్చేయించమన్నాడు. జానయ్య ముఖం వెలిగిపోయింది. వాకిట్లో చీపురు చప్పుడు ఆగింది.

"బిడ్డా, గంత దూరం పోయినంక గూడ నేనే ఊడ్వాల్నా?" అంది సోమమ్మ. ఆ గొంతులో కోపం కూడా లేదు, అదే ఘోరం.

ఐలేశం గడప దాటొచ్చి జానయ్య చేతిలో కాగితాలు లాక్కున్నాడు.

"పిచ్చోడా, అచ్చయితదిరా! ఒక్క దొరనే గదా, పెట్టరాదు?" గుసగుసలాడాడు జానయ్య.

"దొర లేని జాగ గదొక్కటే ఉండె. గదీ అమ్మినవా అన్నా?"

తల్లి చెయ్యి పట్టుకుని వాడు గడి దాటిపోయాడు. రేపు నెత్తిన ఏం పడుతుందో వాడికి తెలియక కాదు.

"ఏమాయెరా కత?" దొర గద్దించాడు.

ఎన్నడూ మాట తడుముకోని జానయ్య తల వంచుకున్నాడు.

"అమ్మరంట దొరా."