రూళ్ళకర్రకు రెండు చిల్లులు

ఇది నేను ఒక ఏడంగుళాల కర్రముక్కను హత్య చేసిన కథ. హత్య అన్నది పెద్దమాట అనుకునేవాళ్ళు చివరిదాకా చదివి, అప్పుడు నాతో వాదనకు రండి. నేనెప్పుడూ సిద్ధమే. నిజానికి అలా ఎప్పుడూ సిద్ధంగా ఉండడమే ఈ కేసులో అసలు ముద్దాయి.

డెబ్బైల నాటి మాట. బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో నేను లెక్కల లెక్చరర్ని. వయసు ఇరవై ఆరు, ఎమ్మెస్సీ ఫస్టుక్లాసు, నోరు డిస్టింక్షను. స్టాఫ్ మీటింగులో నేను మొదలుపెట్టానంటే మా ప్యూను సైకిలేసుకుని ఇంటికెళ్ళి, భోంచేసి, ఒక కునుకు తీసి వచ్చేవాడు; అప్పటికి నా మొదటి పాయింటే నడుస్తూ ఉండేది. ఎవరైనా నా మాట కాదంటే చివాల్న లేచి బయటకు వెళ్ళిపోయేదాన్ని. వరండా చివరికి చేరేలోగా ఇంకో పాయింటు గుర్తొచ్చి మళ్ళీ లోపలికి వచ్చేదాన్ని.

మా ప్రిన్సిపాల్ కరుణమ్మగారు. మనిషి పొట్టి, మాట పొదుపు. ఆవిడ బల్ల మీద ఒక రోజ్‌వుడ్ రూళ్ళకర్ర ఉండేది. అడుగు పొడవు, బొటనవేలంత లావు, గుండ్రంగా, నల్లగా, చేతులు తగిలి తగిలి నూనె రాసినట్టు మెరుస్తూ. గుడివాడ దగ్గర మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన వాళ్ళ నాన్నగారు, కూతురు ఉద్యోగంలో చేరిన రోజున తన బల్ల మీది నుంచి తీసి ఇచ్చారట. ఆయన ఎప్పుడో ఒలకబోసిన ఎర్రసిరా మరక ఒక చివర అలాగే ఉంది. కరుణమ్మగారు ముప్పై ఏళ్ళు ఆ కర్రతో గీతలు గీశారే తప్ప ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టలేదు. దాంతో మొదటి దెబ్బ కొట్టింది నేను. బల్లని.

ఆనాటి మీటింగులో చర్చ ఏమిటయ్యా అంటే, స్టాఫ్ రూముకు టీ మూడో పీరియడుకు ముందు రావాలా, తర్వాత రావాలా. నేను ముందు అన్నాను. తెలుగు డిపార్ట్‌మెంటు మొత్తం తర్వాత అంది. దేశ సరిహద్దుల విషయంలో కూడా అంత పట్టుదల చూపి ఉండరు. నాకు ఒళ్ళు మండి, చేతికందినదేదో తీసి, "ముందే!" అంటూ బల్ల మీద ఒక్కటి వేశాను. లోపల ఏ కాలం నాటి పగులుందో, రూళ్ళకర్ర టప్పున విరిగి రెండు ముక్కలైంది. ఒకటి ఏడంగుళాలు, ఒకటి అయిదు.

కరుణమ్మగారు కుర్చీలోంచి లేచారు. రెండు ముక్కలూ ఏరి చేతిరుమాలులో చుట్టి సొరుగులో పెట్టుకుని, "సరే, టీ ముందే తెప్పిద్దాం" అన్నారు.

తిట్టినా బాగుండేది. నేను నెగ్గిన వాదనల్లో ఇంటికెళ్ళి ఏడ్చింది అదొక్కదానికే.

పైగా ఆవిడ ఆ నెలాఖరునే రిటైరవుతున్నారు. ముప్పై ఏళ్ళ కర్రని ముప్పై రోజులు ఆగలేక విరగ్గొట్టాను. రెండు రాత్రులు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ ముక్కల్లో ఒకదాంతో పెన్ను చేయించాలి. ఆఖరిరోజు ఆవిడ పెట్టే ఆఖరి సంతకం ఆ పెన్నుతోనే పెట్టాలి. పెన్ను తయారైతే నా మొహం ఆవిడకు చూపించగలను. లేదంటే సెండాఫ్ నాడు జ్వరం తెచ్చుకోవాలి.

"మేడమ్, ఆ ముక్కలు నాకివ్వండి. బాగుచేయించి తెస్తాను" అన్నాను.

"విరిగిందాన్ని ఏం చేస్తావు రాజ్యం?"

"అదంతా నాకు వదిలెయ్యండి."

"అదే నా భయం" అంటూనే ఇచ్చారు.

పటమటలో మస్తాన్ గారని ఒక పెద్దాయనకు, కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే లేత్ మిషను ఉండేది. మంచం కోళ్ళు, అప్పడాల కర్రలు, బొంగరాలు చేసేవారు. మనసు పుడితే చెక్కపెన్నులు కూడా. లోపల ఇత్తడి గొట్టం అంటించి, అందులో రీఫిలు పెట్టే రకం. ఆయన జేబులోనే ఒకటుండేది, చూస్తే చెట్టుకు అలాగే కాసిందేమో అనిపించేలా.

ఆయన నా ముక్కలు రెండూ తిప్పి తిప్పి చూసి, "మంచి కర్రమ్మా. ముందు చిల్లు పెట్టేసి, ఆనక పైన చెక్కేస్తాను" అన్నారు.

"పైన చెక్కడం దేనికండీ? గుండ్రంగానే ఉందిగా!"

"ఇప్పుడు గుండ్రమే. చిల్లు పెట్టాక చూడాలి."

"చిల్లు పెడితే గుండ్రం పోతుందా ఏంటి?"

"గుండ్రం పోదమ్మా. మధ్య పోతుంది."

"నడిమధ్యలో పెడితే ఎందుకు పోతుందండీ?"

"నడిమధ్యలోనే మొదలెడతాం. లోపలికెళ్ళాక చిల్లు తొలిచే బిట్టు మన మాట వినదు. కర్రలో చార ఎటుంటే అటు జారిపోద్ది. అందుకే చిల్లు ముందు, గుండ్రం తర్వాత. చిల్లు వెళ్ళి కర్ర మధ్యలో కూచోదమ్మా. కర్రే వచ్చి చిల్లు చుట్టూ కూచోవాలి."

ఈ వయసులో ఆ మాటకు లేచి నమస్కారం పెడతాను. ఆ వయసులో మాత్రం నాకది రేఖాగణితానికి జరిగిన ఘోర అవమానంలా వినిపించింది. పైగా హెడ్మాస్టరుగారి చెయ్యీ, కరుణమ్మగారి చెయ్యీ తగిలి వచ్చిన ఆ మెరుపును ఈయన ఉల్లిపొరలా ఒలిచేస్తానంటాడా?

"మస్తాన్ గారూ, వృత్తానికి కేంద్రం ఒక్కటే ఉంటుంది. దాన్ని కచ్చితంగా కనుక్కునే పద్ధతి ఉంది."

"ఉంటుందమ్మా, కాగితం మీద."

"నేను ఎమ్మెస్సీ మాథమాటిక్స్ అండీ!"

"సంతోషం. నేను అప్పడాల కర్రలు."

"అయితే నేనే పెట్టుకుంటాను చిల్లు!"

"మీ కర్ర, మీ ఇష్టం. ఆ చిన్నముక్క మటుకు ఇక్కడ వదిలెళ్ళండి."

"ఎందుకూ?"

"ఏం లేదు, దాచుదామని."

ఆ దాచడం ఎవరి బారి నుంచో నాకు అర్థం కాలేదు. పెద్దముక్క ఉండగా చిన్నదాంతో పనేముందని అక్కడే పడేసి, చివాల్న లేచి వచ్చేశాను. చెప్పానుగా, అది నా అలవాటు.

ఆదివారం మధ్యాహ్నం మా ఫిజిక్స్ ల్యాబులో శస్త్రచికిత్స. అక్కడ డిమాన్‌స్ట్రేటరుగా చేసే నా స్నేహితురాలు సుగుణ తాళం తీసింది, చేత్తో తిప్పే డ్రిల్లు తెచ్చింది, బుర్ర మాత్రం నాది వాడుకోవాలని షరతు పెట్టాను. కర్ర చివర ఉన్నది అర్ధరూపాయి కంటే చిన్న వృత్తం. దాని మీద రెండు జ్యాలు గీసి, వాటికి లంబ సమద్విఖండన రేఖలు గీసి, అవి ఖండించుకున్న చోట భూతద్దం పెట్టి సూదితో చుక్క పెట్టాను. రెండో చివరా అంతే. రెండు చుక్కలకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మస్తాన్ గారు పది మంచాలకు కోళ్ళు దించి ఉంటారు.

"ఇప్పుడు రెండు వైపుల నుంచీ చెరిసగం తొలుస్తాను. సరిగ్గా మధ్యలో కలుస్తాయి. కొండలకు సొరంగాలు ఇలాగే తవ్వుతారు" అన్నాను.

"ఎన్ని కొండలు తవ్వావే?" అంది సుగుణ.

"నువ్వు నోరుమూసుకుని కర్ర పట్టుకో."

ఇనప పట్టులో బిగిస్తే కర్రమీద గాట్లు పడతాయని, సుగుణ చేతిరుమాలు చుట్టి రెండు చేతుల్తో పట్టుకుంది. నేను డ్రిల్లు తిప్పాను. కుర్రుకుర్రుమని ఎర్రటి పొట్టు రాలుతుంటే, ఆహా, నా ఆనందం చూడాలి! ఇటు నుంచి మూడున్నర అంగుళాలు. అటు తిప్పి మూడున్నర. విజయగర్వంతో నోటికి పెట్టుకుని ఊదాను. గాలి అటు నుంచి రాలేదు. నా బుగ్గలు మాత్రం గారెల్లా పొంగాయి.

"కలవలేదే" అంది సుగుణ.

"సన్నటి పొర ఏదో అడ్డుండి ఉంటుంది. ఇంకొంచెం తొలిస్తే సరి."

ఇంకొంచెం తొలిచాను. కలవలేదు. అటు నుంచి ఇంకొంచెం. ఊహూఁ.

"రాజ్యం..."

"కలుస్తాయి. లెక్క తప్పదు."

"కలుస్తాయి గానీ, ఇటు నాలుగున్నర తవ్వావు, అటు నాలుగున్నర తవ్వావు. మొత్తం తొమ్మిది. కర్ర ఏడంగుళాలే కదే!"

లెక్కల లెక్చరర్ని పట్టుకుని ఫిజిక్సు వాళ్ళు అనదగ్గ మాటేనా అది? రోషమొచ్చింది. పళ్ళు బిగించి గిర్రున నాలుగు చుట్లు తిప్పాను.

"అమ్మోయ్! నా అరచేతిలోకి వచ్చేసిందే!"

సుగుణ కర్ర వదిలేసి ఎగిరి దూకింది. అదృష్టం బాగుండి రుమాలే చిరిగింది. బిట్టు మొన మాత్రం కర్ర పక్క నుంచి బయటికి తొంగిచూస్తోంది, కిటికీలోంచి పక్కింటి సంగతులు చూసే అత్తగారిలా.

"లెక్క తప్పలేదు. కర్రే వంకర" అన్నాను నేను.

సుగుణ చిరిగిన రుమాలు నా మొహం మీదికి విసిరింది.

సెండాఫ్‌కు ఇంకా నాలుగు రోజులుంది. జ్వరం తెచ్చుకోవాలా, పటమట వెళ్ళాలా అని ఒక పూట తర్జనభర్జన పడి, చివరికి సుగుణ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతే వెళ్ళాను. మస్తాన్ గారు ఆ ముక్కను వెలుతురుకేసి పట్టి ఇటొకసారి, అటొకసారి చూశారు. నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆ ముసలాయన పడిన కష్టం ఆయన మీసాల్లో కనిపించింది.

"ఒకటి బందరు కాలవ, ఒకటి ఏలూరు కాలవ. ఏ లాకు దగ్గర కలుస్తాయనుకున్నారమ్మా?"

నేనేమీ అనలేదు. తేదీ రాసి పెట్టుకోవలసిన సంఘటన.

ఆయన చిన్నముక్క తీశారు. లేత్‌కు బిగించి, కంటితోనే ఒకసారి చూసి, బిట్టు ఆనించారు.

"మస్తాన్ గారూ, మార్కు పెట్టుకోరా?"

"పెడితే మీరు కొలుస్తారు."

మధ్యమధ్యలో బిట్టు వెనక్కి లాగి పొట్టు దులుపుకుంటూ, తొందర లేకుండా తొలిచారు. చిల్లు రెండోవైపు బయటపడింది. నేను వంగి చూశాను. పక్కకు పోయింది! నూలుపోగంత కాదు, కంటికి స్పష్టంగా కనబడేంత!

"చూశారా! చూశారా! మీదీ పక్కకే పోయింది!" అని చప్పట్లు కొట్టేశాను.

ఆ పక్కకు పోయింది నా ఆఖరి ముక్క అనీ, దాంతోపాటు పోయేది నా పరువే అనీ నాకు తోచలేదు. ఎదుటివాళ్ళు తప్పని తేలితే చాలు, నా కొంప మునిగినా చప్పట్లు కొట్టే రకాన్ని. సుగుణ తల పట్టుకుంది.

"పోయింది. పోతుందని ముందే చెప్పాగా" అన్నారు మస్తాన్ గారు తాపీగా.

చిల్లులో ఇత్తడి గొట్టం అంటించి, ఆరాక, ఆ గొట్టంలోంచి ఒక సన్నటి ఉక్కు ఊచ దూర్చి, ఊచ రెండు కొసలూ లేత్‌లో బిగించి తిప్పారు. కర్ర తప్పతాగినవాడిలా తూలుతూ తిరిగింది. ఆయన ఉలి ఆనించారు. ఎత్తుగా ఉన్న వైపు మాత్రమే తెగుతోంది. పొట్టు రేగుతోంది. తూలుడు తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ కర్ర అసలు తిరుగుతోందా, నిలబడి ఉందా అన్నంత నిమ్మళంగా అయిపోయింది. కర్ర వచ్చి చిల్లు చుట్టూ కూచుంది.

"ఇప్పుడు కొలుచుకోండమ్మా."

కొలిచాను మరి! బ్యాగులో స్కేలు ఉండనే ఉంది. ఎటు కొలిచినా సమానం. నమ్మకం చాలక ఇంకోసారి కొలిచాను.

"అయితే ఆ మెరుపంతా పోయినట్టేనా అండీ?" అన్నాను, గొంతు దానంతటదే తగ్గి.

ఆయన పెన్నును వేళ్ళ మధ్య తిప్పి ఒకవైపు చూపించారు. అన్ని వైపులా కొత్త చెక్క. ఆ ఒక్క వైపు మాత్రం ఉలి తగలకుండా ఆపేశారు. చిటికెనవేలి గోరంత పాత నలుపు, దాని మీద ఎర్రసిరా మరక. చిల్లు పక్కకు పోబట్టే ఆ వైపు మిగిలిందట.

నెలాఖరు వచ్చింది. దండలు, ఉపన్యాసాలు, జీడిపప్పు ఉప్మా అయ్యాక కరుణమ్మగారు ఆఫీసు గదిలో చార్జి అప్పగించే కాగితం ముందు కూర్చున్నారు. నేను పెన్ను అందించాను. ఆవిడలాగే పొట్టిగా, దిట్టంగా ఉంది. ఆవిడ బొటనవేలు నేరుగా వెళ్ళి ఆ మరక మీద ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత సంతకం పెట్టారు, ఎక్కడా ఆగకుండా, ఒక్క గీతలో.

"బాగా రాస్తోంది రాజ్యం" అన్నారు. నాకు నెలరోజుల తర్వాత ఊపిరి ఆడింది. సరిగ్గా అప్పుడే, "మరి పెద్దముక్క ఏది?" అన్నారు.

సుగుణ కిటికీ వైపు తిరిగింది. నేను హ్యాండుబ్యాగులోంచి శవాన్ని తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఈ చివర చిల్లులోకి చూశారు. ఆ చివర చిల్లులోకి చూశారు.

"ఇవి రెండూ ఎందుకు కలవలేదు?"

"రెండూ నడిమధ్యలోనే బయలుదేరాయి మేడమ్!"

కరుణమ్మగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ కింద పనిచేసినన్నాళ్ళూ పళ్ళు కనబడేలా నవ్విన గుర్తు లేదు నాకు. ఆ రోజు కళ్ళజోడు జారి ఒళ్ళో పడేదాకా నవ్వారు.

"రాజ్యం, ఇది అచ్చం మన స్టాఫ్ మీటింగు. ఇటు నుంచి నువ్వు, అటు నుంచి తెలుగు డిపార్ట్‌మెంటు. ఇద్దరూ సరైన చోటే మొదలుపెడతారు. ఎంత లోపలికి వెళ్ళినా ఎక్కడా కలవరు."

"మరి ఈ పక్క చిల్లు ఏంటి మేడమ్?" అంది సుగుణ, ద్రోహి.

"అదా? అది రాజ్యమే. మాట నెగ్గక లేచి బయటకు వెళ్ళిపోయింది."

ఆ ముక్కను ఆవిడ నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉంచుకో. బల్ల మీద కొట్టకు" అన్నారు. ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. ఒక చిల్లులో పెన్సిలు పెట్టుకుంటాను. పక్క చిల్లు నన్నే చూస్తూ ఉంటుంది.

ఇందుమూలంగా యావన్మంది పాఠకులకూ తెలియజేయడమేమనగా, ఆ కర్రముక్క మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ కర్రకూ, అది అప్పడాల కర్రయినా సరే, నా చేత్తో చిల్లు పెట్టను. పని తెలిసిన మనిషి ముందు అంటే ముందు, తర్వాత అంటే తర్వాత. ఎదురు చెప్పను.

కాకపోతే ఒక్క మాట. ఆ రెండు చిల్లులూ మొదలైన చోటు మాత్రం నూటికి నూరుపాళ్ళూ నడిమధ్యే. అనుమానమున్నవాళ్ళు స్కేలు తెచ్చుకుని మా ఇంటికి రండి, కొలుద్దురుగాని. టీ ముందే ఇస్తాను.