ఐదు వందల తొంభై తీయాల్సిన చోట

కాదు, ముందు ఆ కమిటీని తిట్టడం ఆపండి. ఈ కథ ఎవరికి చెప్పినా సగం కూడా వినకుండానే, "టోర్నమెంట్ కమిటీలంటే అంతేనయ్యా, పిల్లల ఉసురు పోసుకుంటాయి" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. కమిటీ నాకు ఒక రోజు గడువిచ్చింది, ఏం రాయాలో కూడా చెప్పింది. ఇంకేం చేయాలి?

అది 1942. బాన్సువాడ బడిలో నేను గుమాస్తాను. ఇరవై రెండేళ్లు, పుట్టి పెరిగింది హైదరాబాదులో. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, అక్టోబర్‌లో ఖాయం కావాలి. ఊళ్లో నాకు కాలక్షేపం లేదు. కాలువ ఆఫీసులో మాత్రం ఒక ఫోన్ ఉండేది. నిజాంసాగర్ తూములు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో దానిమీదే చెప్పుకునేవారు. అక్కడి ఓవర్సీయర్‌తో దోస్తీ కట్టి, సాయంత్రమైతే చాలు రిసీవర్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. జిల్లా ఆఫీసులో ఎవరు దొరికితే వాళ్లతో మాటలు, లేదంటే పోట్లాట. ఊళ్లో నా పేరు 'ఫోన్ సాబ్'.

బడి గుమాస్తా పనిలో సగం టీసీలే. టీసీ అంటే ఒక బడి వదిలి ఇంకో బడికి వెళ్లే పిల్లాడికిచ్చే కాగితం. ఏ తరగతి చదివాడు, ఏ తేదీన వదిలాడు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చూసి మేం అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎక్కించుకుంటాం. ఒకసారి ఎక్కిందంటే ఇక రిజిస్టర్ మాటే మాట.

మా నిజాం రాజ్యంలో రిజిస్టర్‌కు ఫసలీ సంవత్సరాల లెక్క. ఇంగ్లీషు సంవత్సరంలోంచి 591 తీసేస్తే ఫసలీ వస్తుంది. కాకపోతే ఫసలీ ఏడాది అక్టోబర్ మొదటి వారంలో మారుతుంది కాబట్టి, ఆ తర్వాత డిసెంబర్ ఆఖరు దాకా 590 మాత్రమే తీయాలి. ఇది మొదటి రోజే నాకు నేర్పారు. కానీ ఇక్కడి రైతుల పిల్లలు బడి మారితే వేసవిలోనే మారతారు. నా చేతికొచ్చే టీసీలన్నీ ఏప్రిల్, మే నెలలవే. 591 నా వేళ్లకు అలవాటైపోయింది.

జూన్‌లో వెంకట్రామయ్య అనే రైతు తన కొడుకుని తీసుకొచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి బీర్కూర్ దగ్గర కాలువ కింద భూమి కొన్నవాళ్లు. వాళ్లకు బడి లెక్క కాదు, నాట్ల లెక్క. రెండో పంట యాసంగి నాట్లకు అందాలని డిసెంబర్‌లోనే బండ్లు కట్టుకుని వచ్చేశారు. కొడుకు సత్యం మధ్యలో టీసీ తీసుకున్నాడు. మా బడిలో జూన్ దాకా చేర్చుకోం కాబట్టి ఆ ఆరు నెలలూ ఉర్దూ అక్షరాలు నేర్చుకుంటూ, నాన్నకు సాయం చేస్తూ గడిపాడు.

టీసీ మీద 1941 డిసెంబర్ అని నల్లసిరాతో ముత్యాల్లా ఉంది. నేను 591 తీసి 1350 అని రాశాను. చేరిన జూన్ 1942కి 1351. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రిజిస్టర్ ప్రకారం వాడు 1940 డిసెంబర్‌లోనే బడి వదిలినట్టు; ఆరు నెలల ఖాళీ కాస్తా ఏడాదిన్నర అయిపోయింది.

సత్యం ఫుట్‌బాల్ ఆడేవాడు. ఆడేవాడు అంటే సరిపోదు. మా డ్రిల్ మాస్టారు యాదగిరి మొదటి రోజు వాడి ఆట చూసి నా గదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, గా పోరడు కాళ్లతోని ఆడుతలేడు, కాళ్లతోని మాట్లాడుతుండు! ఈసారి నిజామాబాద్‌ల మన బడి పేరు మోగుతది సూడుండ్రి."

సెప్టెంబర్‌లో నిజామాబాద్‌లో జిల్లా బడుల టోర్నమెంట్. దానికి హైదరాబాదు నుంచి ఒక ఇంటర్మీడియట్ కాలేజీ ఆటల మాస్టారు వస్తాడు. నచ్చిన ఆటగాళ్లకు కాలేజీలో సీటు, హాస్టల్‌లో ఉచితంగా తిండి. సత్యం అప్పటికే మెట్రిక్‌లో ఉన్నాడు. వెంకట్రామయ్య ముందే తేల్చి చెప్పాడు: "హాస్టల్ ఇస్తే చదువుతాడండీ. లేకపోతే నాతోపాటు మడిలో దిగుతాడు. నా దగ్గర మూడో దారి లేదు."

బడి మారి వచ్చిన ఆటగాళ్ల మీద కమిటీకి ఒక రూల్ ఉంది. పాత బడి వదిలిన ఏడాదిలోపు కొత్త బడిలో చేరి ఉండాలి. అంతకు మించి ఖాళీ ఉంటే, కొత్త బడిలో ఒక ఏడాది చదివి పరీక్ష పాసైతే తప్ప ఆడనివ్వరు. చదువు మానేసిన పెద్ద పెద్ద ఆటగాళ్లను టోర్నమెంట్ ముందు బళ్లలో చేర్పించే వాళ్లున్నారు కాబట్టి పెట్టిన రూల్ అది. న్యాయమైన రూలే.

నేను రిజిస్టర్ చూసి ఫారం నింపి పంపాను. టోర్నమెంటుకు మూడు రోజుల ముందు అది తిరిగొచ్చింది. 'ఏడాదిన్నర ఖాళీ. అర్హత లేదు.' యాదగిరి, వెంకట్రామయ్య ఇద్దరూ నా బల్ల ముందుకొచ్చారు.

"ఏంది సార్ గిది? ఏడాదిన్నర ఏంది?"

"బాబుగారూ, మేం మొన్న డిసెంబర్‌లోనే కదండీ వచ్చాం! మా ఊరి బడిలో అర్ధ సంవత్సరం పరీక్ష రాశాకే టీసీ తీసుకున్నామండీ."

"రిజిస్టర్ అబద్ధం చెప్తదా? మీ దిక్కు కాగితాలు ఎట్ల పుడ్తయో మాకు తెల్వదా?" అన్నాను.

వెంకట్రామయ్య ముఖం ఎర్రబడింది. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా కాగితం మీ బీరువాలోనే ఉందండీ. ఒక్కసారి తీసి చూడండి" అన్నాడు.

తీశాను. చూడటానికి కాదు, కమిటీ గుమాస్తా మీద అరవడానికి. టీసీ పట్టుకుని, యాదగిరిని వెంటబెట్టుకుని కాలువ ఆఫీసుకు వెళ్లి నిజామాబాద్ కమిటీకి ఫోన్ కలిపించాను. మీకు బుద్ధుందా, ఆడే పిల్లాణ్ణి ఆపడానికే కూర్చున్నారా అని మొదలుపెట్టాను. అవతలివాడు అంతా విన్నాడు.

"అయిందా భాయ్? ఇగ టీసీ మీద తేదీ సదువు."

"డిసెంబర్ పదిహేను, పంతొమ్మిది వందల నలభై ఒకటి."

"డిసెంబర్‌కు ఎంత తీస్తరు?"

నేను టీసీ మీద తేదీ దగ్గర వేలు పెట్టి లెక్క మళ్లీ మొదలుపెట్టాను.

"ఐదు వందల తొంభై తీస్తరు భాయ్. నువ్వు తొంభై ఒకటి తీసినవ్. ఫికర్ జెయ్యకు, అందరికీ అయితది. రిజిస్టర్‌ల దిద్ది, గుమాస్తా తప్పని రాసి, హెడ్మాస్టర్ మొహర్ కొట్టించి రేపటిదాకా పంపు. పోరడు ఆడుతడు."

రిసీవర్ పెట్టేశాను. పక్కన యాదగిరి, "ఏమన్నడు సార్?" అని అడుగుతున్నాడు.

"దిద్ది పంపమన్నడు" అన్నాను. ఎవరి తప్పో చెప్పలేదు.

హెడ్మాస్టర్ గారి గదికి వెళ్తే ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "దిద్దుబాటుకు కారణం రాసి పట్టుకురా, సంతకం చేస్తా" అన్నారు. ఆయన బల్ల మీద ఇంకో కాగితం కూడా ఉంది. నా ఉద్యోగం ఖాయం చేయమని ఇన్‌స్పెక్టర్‌కు పంపబోయే సిఫారసు.

నేను నా గదిలోకొచ్చి కలం తీశాను. ఊరి మీద, రూల్స్ మీద, ఫోన్లో ముఖం తెలియని వాళ్ల మీద అంత నోరు చేసుకునేవాణ్ణి, 'నేను తప్పు చేశాను' అనే మూడు మాటలు రాయలేకపోయాను. 'పాత బడి ఇచ్చిన టీసీలో తేదీ స్పష్టంగా లేనందువల్ల పొరపాటు జరిగింది' అని రాశాను. హెడ్మాస్టర్ టీసీ తెమ్మనలేదు. "అటునుంచి వచ్చే కాగితాలు అంతేలే" అని సంతకం పెట్టి మొహర్ కొట్టారు.

మర్నాడు పొద్దున బస్సు దగ్గర యాదగిరి అడిగాడు. "సార్, టీసీ గూడ ఇయ్యరాదుండ్రి? ఎవలన్న అడిగితే సూపెడ్త."

"ఒరిజినల్ ఆఫీసు దాటొద్దు" అన్నాను. ముందురోజు నేనే దాన్ని కాలువ ఆఫీసుకు పట్టుకెళ్లినా, అది నిజంగానే రూలు. నాకు ఎంత బాగా అక్కరకొచ్చిందో!

నాలుగు రోజుల తర్వాత యాదగిరి తిరిగొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కమిటీ పెద్దసారు ఆట మొదలయ్యే నాడు పొద్దుగాల మీ కాగితం సదివి అన్నడు, 'తేదీ కనవడకుంటె మరి దేన్ని సూసి దిద్దిండ్రు? పాత బడి నుంచి కొత్త టీసీ తెప్పియ్యుండ్రి' అని. కృష్ణా జిల్లాకు పోయి రావాలంటె ఎన్ని దినాలు సార్? పోరడు చెడ్డీ ఏసుకొని గీత అవతల కూసున్నడు. కాలేజీ సారు రెండు ఆటలు సూసి ఎల్లిపోయిండు."

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఫోన్ల మాట్లాడిన గుమాస్తా గూడ ఆడనే ఉండె. నా దిక్కు సూసి, 'మీ సాబ్ ఫోన్ల తేదీ గలగల సదివిండు గదనే' అన్నడు. పెద్దసారు గా మాట ఇనలే, కాగితమే గావాలె అన్నడు. నేను మీ పక్కనే ఉంటిని గద సార్ అప్పుడు. నేను గూడ ఇన్న."

ఆ తర్వాత ఆయన నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అక్టోబర్‌లో నా ఉద్యోగం ఖాయమైంది.

సత్యం మెట్రిక్ పాసయ్యాడు. వేసవిలో టీసీ కోసం వచ్చాడు. చదవడానికి ఏ కాలేజీ లేదు, ఇంట్లో కాగితం ఉంటే మంచిదని నాన్న పంపాడట. కాళ్లకు మడి బురద ఎండిపోయి ఉంది. నేను రాసిచ్చింది కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"తేదీ కనిపిస్తోందాండీ ఇందులో? నాకైతే కనిపిస్తోంది."

ఎగతాళి చేశాడో, నిజంగానే అడిగాడో ముఖం చూస్తే తెలియలేదు. "కనిపిస్తోంది" అన్నాను. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మర్యాదలో ఏ లోటూ చేయలేదు.

ఐదేళ్లయింది. ఇప్పుడు ఏ తేదీ మార్చి రాసినా కింద నా పేరు పెడతాను, పక్కన ఎంత తీశానో కూడా రాస్తాను. కొత్త గుమాస్తాలకు అదే నేర్పుతున్నాను. వాళ్లలో ఒకడు మొన్న, "లెక్క తప్పడం ఎవరికైనా మామూలే కద సార్" అన్నాడు. మామూలే. ఒకటి ఎక్కువ తీయడం పొరపాటు, దాన్ని ఒక రోజులో దిద్దవచ్చు. ఆ కలం పట్టుకుని నేను రెండోసారి రాసింది మాత్రం దొంగతనం. నా ఉద్యోగం కోసం ఒకడి కాలేజీని దొంగిలించాను. దాన్ని కూడా పొరపాటే అనేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే బీర్కూర్ వెళ్లి, మడిలో ఉన్న సత్యం ఎదుట నిలబడి ఆ మాట అనగలరా?